పడవ సంగతి

మధ్యాహ్నం ఒంటిగంట ఐదు నిమిషాలకు ఇసుక తీసే మిషన్ ఆగింది. డ్రైవర్ దిగి, టిఫిన్ డబ్బా పట్టుకొని తుమ్మచెట్టు నీడకు పోయాడు. రోజూ ఆ వేళకే తింటాడట. అప్పుడే ఫోన్ చూసుకున్నాను కాబట్టి టైము గుర్తుంది. కాసేపటికి ఒక కాకి వచ్చి మా అక్క విస్తరి దగ్గర వాలింది.

ఆ రోజు ప్రాణహిత ఒడ్డున ఉన్నవాళ్లలో ఈ రెండు సంగతులనూ కలిపి చూసింది నేనొక్కదాన్నే. మిగతావాళ్లు కాకి రావడానికి వేరే కారణం చెప్పుకున్నారు. ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. ఆ కారణం మా కొత్త ఇంటి ముందు తాడపత్రి పట్టా కింద ఉంది. అదేమిటో చెప్పాలంటే ముందు అక్క గురించి, ఒక పాత నవల గురించి చెప్పాలి.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు, తోటికోడలు. మా బావగారి భార్య. నేను గోదావరి అవతలి ఒడ్డు నుంచి మహారాష్ట్రలోని ఈ సిరొంచకు కోడలిగా వచ్చేనాటికే ఆమె ఈ ఇంట్లో పాతబడిపోయింది. మాది వ్యాపారం ఇల్లు. ముందు షాపు, వెనక మేము. కిరాణా, సిమెంటు, ఇనుప సామాను, వానకాలం ముందు వరి విత్తనాలు. బావ గల్లా మీద కూర్చునేవాడు, మా ఆయన గోడౌన్ చూసుకునేవాడు. అక్క పుట్టింది అంకిసలో. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు మరాఠీ. ఇక్కడ చాలామందిది ఇదే పరిస్థితి. నోటినిండా తెలుగు మాట్లాడతారు, చదవమంటే ఒక్క అక్షరం రాదు. మరాఠీ పేపరు అక్క గబగబా చదివి అవతల పడేసేది. తెలుగు పుస్తకం చేతికిస్తే మాత్రం అటూ ఇటూ తిప్పి, "ఏది మీద, ఏది కింద?" అని నవ్వేది.

నేను మా నాన్న దగ్గరి నుంచి ఒక రేకు పెట్టె నిండా నవలలు తెచ్చుకున్నాను. అప్పట్లో మధ్యాహ్నం షాపు మూసేవాళ్లం. మగవాళ్లు తిని పడుకునేవాళ్లు. నేను వెనక గదిలో గోడకు ఆనుకొని చదువుకునేదాన్ని. ఒకరోజు అక్క చాటలో బియ్యం పోసుకొని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒక్కదానివే నవ్వుకుంటున్నవ్. గంత నవ్వే ముచ్చట ఏమున్నదో జర మాకు గూడ చెప్పరాదు?"

"చెప్తే ఏం బాగుంటదక్కా? సదివితేనే బాగుంటది."

"అయితే సదువు. గట్టిగ సదువు. అక్షరాలు లేకుంటేంది, చెవులైతే ఉన్నయి గద."

అట్లా మొదలైంది. పెట్టెలో ఉన్నవి ఒకటి తర్వాత ఒకటి చదువుతూ పోయాము. కొన్ని సగంలో ఆపేయమనేది. "ఈమె ఏడుపు ఇగ సాలు, ఇంకోటి తియ్" అని ఒక మంచి నవలను నలభయ్యో పేజీ దగ్గరే మూయించింది. ఒకసారి అక్షరాలు నేర్పుతానన్నాను.

"నువ్వుండంగ నాకెందుకు?"

"నేను ఊరికి పోయినప్పుడో?"

"వచ్చినంక సదువుతవ్."

పెట్టె అడుగున ఉన్న నవలకు అట్ట లేదు, మొదటి కాగితాలు ఎప్పుడో పోయాయి. నాన్న దాన్ని పడవ నవల అనేవాడు. మేమూ అదే అన్నాము. కథ పెద్దది కాదు. నది ఒడ్డు ఊళ్లో ఒకడు ఉప్పు మూట నెత్తిన పెట్టుకొని ఊరూరా అమ్ముతూ బతుకు మొదలుపెడతాడు. పడవ దాటడానికి పైసలు లేక ఒడ్డునే కూర్చుండిపోయిన రోజులున్నాయి అతనికి. తర్వాత సంపాదిస్తాడు. ఎట్లా సంపాదించాడో రచయిత దాచలేదు. కరువు ఏడాదిలో ధాన్యం దాచి అమ్మాడు, అన్నదమ్ముల పొలం రాయించుకున్నాడు. బాగా కలిగాక ఆ ఊళ్లో ఎవరికీ లేని పడవ ఒకటి కట్టిస్తాడు. టేకు పలకలు, ఇత్తడి మేకులు, ముందు భాగాన చెక్కిన హంస. కట్టించాక దాన్ని నీళ్లలో వేయడానికి మనసొప్పదు. రాయి తగులుతుందేమో, నాచు పడుతుందేమో, కనబడ్డవాడల్లా ఎక్కుతానంటాడేమో. ఇంటి వాకిట్లోనే నిలబెట్టి పందిరి వేయిస్తాడు. తర్వాత దొంగల భయంతో చుట్టూ ఎత్తుగా గోడ కట్టిస్తాడు. గోడ లేచాక చూసుకుంటే దర్వాజాలోంచి పడవ పట్టదు.

పుస్తకం చివర ఒక పండితుడి వ్యాసం ఉంది. పడవ ధనానికి ప్రతీక, నది కాలానికి ప్రతీక, గోడ అహంకారానికి ప్రతీక అని వరుసగా రాసుకుంటూ పోయాడు. ఆ రోజుల్లో నాకు అట్లాంటివి ఇష్టం. కథ ఆపి అక్కకు అదంతా చెప్పాను. ఆమె మిరపకాయల తొడిమలు తీస్తున్నది.

"పడవ అంటే ధనమా?"

"అవునక్కా. ప్రతీక."

"ప్రతీక్ మాకు గూడ ఉండె బళ్లె. పరీక్షల వచ్చేది." ఇంకో నాలుగు మిరపకాయలు అయ్యాయి. "మరి ధనం వేరే ఉన్నది గద కథల? భోషాణం నిండ ఉన్నది. పడవ గూడ ధనమే అయితే భోషాణంల ఉన్నదేంది? పడవనా?"

నేను కాగితాలు వెనక్కి తిప్పి కథ అందుకున్నాను. ఆ వ్యాసం మళ్లీ తీయలేదు.

నన్ను ఇంకా చిరాకు పెట్టిన సంగతి, ఆమెకు ఆ వర్తకుడు నచ్చాడు. అతను పందిరి కింద కుర్చీ వేసుకొని పడవను చూస్తూ కూర్చునే పేజీలు రెండుసార్లు చదివించుకున్నది.

"సంపాదించిండు, కట్టించుకున్నడు, సూసుకుంట కూసున్నడు. ఎవని కండ్లల్ల మన్ను పోసిండు?"

"అన్నదమ్ముల పొలం గుంజుకున్నడు గదక్కా."

"గది తప్పే. పడవ తప్పు గాదు." మళ్లీ తనే, "గోడ గూడ తప్పే. కొలుసుకోకుండ ఎవడన్న గోడ కడ్తడా?" అన్నది.

అక్కకు వస్తువులంటే ఇష్టం. పోయినవాళ్లను దేవతలను చేయడం నాకు చేతకాదు. టీవీ రిమోటుకు ప్లాస్టిక్ కవర్ తొడిగేది. కొత్త స్టీలు డబ్బాల మీద కాగితం చీటీ ఊడకుండా తుడిచేది. రెండు తలుపుల ఫ్రిడ్జ్ కావాలని బావను ఏడాది పొడుగునా పోరింది. ఇంత ఆశ ఎందుకు అని నేను ఏదో చెప్పబోతే, "నీకు పుస్తకాల పెట్టె, నాకు ఫ్రిడ్జ్. నీ పెట్టె ఎందుకని నేనన్న అడిగిన్నా?" అనేది. ఈ వాదనలో నేను ఒక్కసారీ గెలవలేదు.

కానీ ఆ నవలలో ఆమెకు కావలసింది ఒక్కటే. ఆ పడవ చివరికి నీళ్లలో పడుతుందా, లేదా? నేను ముందే చదివాను, నాకు తెలుసు. పుస్తకం మూసినప్పుడల్లా అడిగేది.

"పడ్తదా?"

"చెప్పాల్నా?"

"చెప్తివో, సూడు మరి! సదువు, అంతే."

మేము ఆ నవల మొదలుపెట్టేనాటికే నదుల మీద వంతెనలు వచ్చాయి. అవతలి నుంచి కార్లు, లారీలు, గుడులకు పోయే జనం. మధ్యాహ్నం మూస్తే గిరాకీ పక్క షాపుకు పోతుందని బావ అన్నాడు. అది నిజమే. షట్టర్ వేయడం మానేశారు. బావ తిని పడుకునే ఆ వేళకు గల్లా మీద అక్క కూర్చోవలసి వచ్చింది. నేను పుస్తకం షాపులోకి తీసుకుపోయాను.

"అతడు పడవ చుట్టూ తిరిగి, ఇత్తడి మేకులను ఒక్కొక్కటిగా తడిమి..."

"అక్కా, అర్ధకిలో మేకులు" అన్నాడు ఎవరో మేస్త్రీ.

"ఏం సైజువి? నువ్వు సదువు చెల్లె, ఆపకు."

"ఒక్కొక్కటిగా తడిమి చూశాడు..."

"రెండున్నర ఇంచులయి" అన్నాడు మేస్త్రీ.

అక్క గల్లాపెట్టె మీద చేతులు కొట్టి మరీ నవ్వింది. "ఇత్తడియి లేవు, ఇనుపయే ఉన్నయి" అని మేస్త్రీకి చెప్పింది. అతనికి ఏమీ అర్థం కాలేదు. నాకు నవ్వు రాలేదు. వెనక గదిలో ఒక మధ్యాహ్నానికి ఒక అధ్యాయం అయ్యేది. ఇక్కడ వారానికి రెండు పేజీలు కావడం కష్టం. షాపు పెరిగింది, బాగా పెరిగింది. అక్క కొడుకు ఇసుక రేవు కంత్రాటులో వాటా తీసుకున్నాడు. మెయిన్ రోడ్డు మీద స్థలం కొన్నారు, మూడంతస్తుల ఇల్లు లేచింది, రెండు తలుపుల ఫ్రిడ్జ్ కూడా కొంటామన్నారు. మా నవల మాత్రం ముందుకు పోలేదు.

ఇంకా రెండు అధ్యాయాలు ఉన్నాయనగా అక్క కడుపునొప్పి అన్నది. కొన్ని రోజులు ఇక్కడి గోలీలు మింగింది. తర్వాత వంతెన దాటి పెద్ద దవాఖానాకు తీసుకుపోయారు. మా జిల్లా కేంద్రం గడ్చిరోలి కంటే మాకు అదే దగ్గర. ఆలస్యమైందని చెప్పి పంపించారు. కొత్త ఇంట్లో మేడమీద గదిలో, ఏసీ కింద పడుకోబెట్టారు. చూడడానికి వచ్చేవాళ్లు ముందు ఇల్లంతా తిరిగి చూసి, తర్వాత ఆమె దగ్గరికి వచ్చేవాళ్లు. నేను పుస్తకం పట్టుకొని పోయాను.

"ఇప్పుడొద్దు చెల్లె. మందుల మత్తుల ఉన్న. సగం ఇనవడుతది, సగం ఇనవడదు. ఆఖరుది గట్ల ఇనొద్దు."

"కొంచెం కొంచెం సదువుతక్కా."

"జర మంచిగైనంక. పడ్తదా లేదా అన్నది తెలివిల ఉండి ఇనాలె."

జర మంచిగ కాలేదు.

మా దిక్కు మూడోరోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, దహనం చేసిన చోట విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే చేతులు జోడించి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి, తీరుస్తామని మాటిస్తారు. సరైన మాట పడగానే పిట్ట వస్తుందంటారు.

మోదుగాకు విస్తరిలో పూరీలు, శ్రీఖండ్, మిరపకాయ బజ్జీలు, సర్వపిండి పెట్టాము. పక్కన గ్లాసులో చాయ. బావ, అక్క కొడుకు, అతని భార్య, మా ఆయన, ఇంకో పదిమంది చుట్టాలు. పెద్దదిక్కుగా మా అత్తగారి చెల్లెలు. ఆమెను అందరం చిన్నత్త అంటాము. ఎనభై దాటినా గొంతు తగ్గలేదు.

కొంచెం కింద ఇసుక తీసే మిషన్ నడుస్తున్నది. బకెట్ నేలను తాకినప్పుడల్లా పెద్ద చప్పుడు. టిప్పర్లు వెనక్కి వస్తూ కూత పెడుతున్నాయి. కాకులు లేకపోలేదు. అవతల తుమ్మచెట్ల మీద బోలెడున్నాయి. చప్పుడు కాగానే లేస్తున్నాయి, మళ్లీ అక్కడే కూర్చుంటున్నాయి. ఎవరు చూసినా కనబడేదే. నేను అక్క కొడుకు దగ్గరికి పోయాను. ఆ రేవు వాళ్లదే.

"ఒక్క అర్ధగంట మిషన్ బంద్ చేయించు బిడ్డా. పిట్టలు బెదురుతున్నయి."

"చిన్నమ్మా, పిట్టలకు అలవాటే. రోజు నడుస్తది గద."

"రోజు ఈడ ఎవరు పిట్టకు పెడ్తున్నరు?"

"కిరాయి మిషన్ చిన్నమ్మా. బండ్లు లైన్ల ఉన్నయి." అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి, మూడు రోజులుగా నిద్రలేదు. తల్లి మీద ప్రేమ లేక అన్న మాట కాదు అది. మిషన్ ఆపడం అనేది అతని తలకు ఎక్కలేదు, అంతే.

చిన్నత్త కర్ర నేలకు కొట్టింది. "దీనికి ఏదో కోరిక ఉన్నదిరా. నిలవడి సూస్తే అయితదా? అడుగుండ్రి!"

బావ ముందుకు పోయాడు. "ఫ్రిడ్జ్ తెస్తనే. రెండు తలుపులదే తెస్త. రేపే తెస్త."

కాకి రాలేదు.

"నీ బంగారం మొత్తం కోడలికే. ఇంకెవ్వరికి ఇయ్య."

రాలేదు. కోడలు తల వంచుకుంది.

"మేడ మీద ఇంకో అంతస్తు ఏస్త. నీ పేరు పెడ్త. గ్రానైట్ మీద రాయిస్త."

మిషన్ బకెట్ లేచి దిగింది. కాకులు లేచి కూర్చున్నాయి.

"తీర్థయాత్రకు తీస్కపోతం అమ్మా, నిన్ను" అన్నాడు కొడుకు ఏడుస్తూ.

"సచ్చినదాన్ని ఎట్ల తీస్కపోతవ్ రా?" అన్నది చిన్నత్త.

"ఫోటో పట్టుకపోత, అవ్వా."

"ఫోటోకు టికెట్ తీస్తవా?" అన్నాడు వెనక నుంచి ఎవరో చుట్టం. కొందరు నవ్వారు, వెంటనే ఆపుకున్నారు. నాకు లోపల మండుతున్నది. ఒకటే మనిషి గురించి ఇన్ని వస్తువుల పేర్లు చెబుతున్నారు. అవన్నీ ఆమెకు ఇష్టమే, అది ఇంకా బాధ. అబద్ధం అని కొట్టిపారేయడానికి లేదు.

ఎండ నెత్తి మీదికి వచ్చింది. చాయ చల్లారి మీగడ కట్టింది. చిన్నత్త నా వైపు తిరిగింది.

"ఏమే, నువ్వే గద రోజు దాని పక్కపొంటి కూసుంటివి. నోరు తెరువవేంది? ఏమడిగేదో చెప్పు."

నాకు ఈ పిట్ట తంతు మీద నమ్మకం లేదు. అక్కకు ఉందో లేదో తెలియదు. కానీ మూడు రోజులలో ఆమెకు ఏం కావాలో నన్ను అడిగినది ఇదే మొదటిసారి. చెప్పాను.

"పడవ సంగతి తెలుసుకోవాలన్నది. చివరిదాకా గదే అడిగింది."

"ఏ పడవ?"

"నేను సదివే పుస్తకంల ఉన్నది. అది నీళ్లల్ల పడ్తదా లేదా..."

అక్క కొడుకు నా మాట పూర్తి కానివ్వలేదు. "పడవనా! అమ్మ అంకిసల పుట్టింది గద బాపు! చిన్నప్పుడు పడవలల్లనే తిరిగిన్నని చెప్పేది!" అని ముందుకు ఉరికాడు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అమ్మా, పడవ కొంట. మోటరు పడవ కొంట. నీ పేరు రాయిస్త. ఈ నదిలనే ఏస్త. ఒట్టు."

అప్పుడే ఒంటిగంట ఐదయింది. మిషన్ ఆగింది. డ్రైవర్ డబ్బా పట్టుకొని దిగాడు. నది ఒడ్డంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. కాకి వచ్చింది, పూరీ ముట్టింది. ఇంకో రెండు వచ్చాయి.

అందరూ ఏడ్చారు. బావ కొడుకును కౌగిలించుకొని ఏడ్చాడు. చిన్నత్త నా వీపు మీద చరిచి, "ముందే చెప్పకపోతివి! ఎండల నిలవెట్టినవ్ అందరిని" అన్నది. నేను తుమ్మచెట్టు కింద అన్నం తింటున్న డ్రైవర్ వైపు చేయి చూపించాను. ఎవరూ అటు చూడలేదు.

ఇంటికి వచ్చాక బావకు నెమ్మదిగా చెప్పాను. పడవ కొనమని ఆమె అడగలేదు, కథలో పడవ ఏమైందో తెలుసుకోవాలనుకున్నది, అంతే అని. ఆయన ఓపికగా విన్నాడు.

"పుస్తకంల పడవైనా పడవే గదమ్మా" అన్నాడు. "మాటిచ్చినం. పిట్ట ముట్టింది. ఇగ ఏముంటది?"

పడవ లారీ మీద వచ్చింది. ఫైబర్ పడవ, తెల్లది, నీలం గీత, మోటరు వేరే పెట్టెలో. పక్కన మరాఠీ అక్షరాల్లో అక్క పేరు. కనీసం అది ఆమె చదవగలిగేది. నదిలో నడపాలంటే ఏవో సర్కారు పర్వానగీలు కావాలట. కాగితాలు పెట్టారు, తిరుగుతున్నారు. ఎండాకాలం ప్రాణహితలో మోటరు మునిగేన్ని నీళ్లుండవు. వానకాలం దింపడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఇంటి ముందు ఇనుప స్టాండు మీద ఎక్కించి, రంగు పోకుండా తాడపత్రి కప్పారు. ఎవరైనా పెద్దవాళ్లు వస్తే తాడపత్రి తీసి చూపిస్తారు. వాళ్లు ఫోటోలు దిగుతారు. ఎవరో ఫోన్ గ్రూపులో పెట్టి కింద మరాఠీలో రాశారు, "ఆఈచ్యా ప్రేమాచే ప్రతీక్" అని. తల్లి ప్రేమకు ప్రతీక. మళ్లీ అదే మాట.

నవల చదివిన ఒకరిద్దరు స్నేహితులకు ఇదంతా చెబితే, అచ్చం కథలాగే అయిందే అని ఆశ్చర్యపోయారు. నాకు ఆ ఆశ్చర్యం నచ్చదు. అచ్చం కాలేదు. మా గేటు పెద్దది, పడవను ఎప్పుడంటే అప్పుడు బయటికి తీయొచ్చు. బావ ఎవరి పొలమూ రాయించుకోలేదు. అక్క కొడుకు ఆ పడవ పక్కనుంచి పోయేటప్పుడు ఇప్పటికీ దాన్ని ఒకసారి చేత్తో తాకి పోతాడు. నవలలో వర్తకుడి కొడుకులు అట్లా చేయరు. అర్థాలు తీసేవాళ్లకు ఈ తేడాలు అక్కర్లేదు. వాళ్లకు వాకిట్లో పడవ ఉంటే చాలు.

మాసికం అయిన తర్వాతి వారం అనుకుంటా, ఒక మధ్యాహ్నం బావ కొత్త ఇంటి హాల్లో ఒక్కడే కూర్చొని ఉన్నాడు. ఇప్పుడు ఆయన ఆ వేళకు పడుకోవడం లేదు. షాపులో జీతగాళ్లను పెట్టారు. సోఫాకు ఇంకా ప్లాస్టిక్ కవర్ ఉంది, కదిలితే చప్పుడవుతున్నది. నేను పుస్తకం తీసుకుపోయాను.

"అక్క వినకుండ మిగిలినవి రెండు అధ్యాయాలు ఉన్నయి బావా. మీరన్న వింటరా?"

ఆయన ఫోన్ తీసి బల్ల మీద బోర్లా పెట్టాడు. "సదువమ్మా."

ముందు జరిగిన కథ క్లుప్తంగా చెప్పి, ఒక పేజీ చదివాను. ఆయన ఎదురుగోడ చూస్తూ విన్నాడు.

"ఎంతల కట్టించిండు పడవను?"

"అది రాయలేదు బావా."

"రాయాలె. గంత ముచ్చట చెప్పి ధర చెప్పకపోతే ఎట్ల?"

నాకు కోపం వచ్చింది. అయినా చదివాను. మరో పేజీ అయ్యాక ఆయనే ఆపాడు.

"ఆమె ఏమనేది? ఈ మనిషి గురించి?"

"నచ్చిండు అనేది."

"నచ్చిండా?" సోఫా చప్పుడయింది. ఆయన నా వైపు తిరిగాడు.

"సంపాదించిండు, కట్టించుకున్నడు, సూసుకుంట కూసున్నడు, తప్పేందనేది. గోడ మాత్రం తప్పన్నది. కొలుసుకోకుండ కట్టిండని."

బావ నవ్వాడు. నవ్వుతూనే కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "గిట్ల మాట్లాడుతదని నాకు ఎర్కనే లేదు. నాతోని ఎన్నడు ఈ ముచ్చట్లు చెప్పలే."

"మీరు పండుకుంటుంటిరి గద బావా, గా యాళ్లకు."

"అవు. పండుకుంటుంటి."

ఇంకా చదవమని చేయి ఊపాడు. నేను పేజీ తిప్పాను. బల్ల మీద ఫోన్ కదలడం మొదలైంది. మొదటిసారి వదిలేశాడు. రెండోసారి బోర్లా ఉన్నదాన్ని తిప్పి చూశాడు. "ఒక్క నిమిషం అమ్మా, బండ్లు ఆపిండ్రట" అని బాల్కనీలోకి పోయాడు. రేవు దగ్గర ఏదో గొడవ. ఆయన గొంతు చాలాసేపు వినబడింది. లోపలికి వచ్చి, "రేపు సదువుకుందాం" అన్నాడు. మర్నాడు పోయాను, మనుషులు ఉన్నారు. ఇంకో రోజు పోయాను, ఆయన లేడు. ఆ తర్వాత నేనూ పోలేదు.

ఆ పుస్తకం చివర ఏమవుతుందంటే, వర్తకుడు ముసలివాడవుతాడు. గోడ పగలగొట్టి పడవ తీద్దామని ఒక కొడుకు, పడవ విప్పేసి పలకలు అమ్ముదామని ఇంకొకడు. రెంటికీ ఆయన ఒప్పుకోడు. అప్పుడు నదికి వరద వస్తుంది. నీళ్లే ఇంటికి వస్తాయి. దర్వాజాలోంచి వచ్చి వాకిలి నింపుతాయి. పడవ లేస్తుంది. తెల్లవార్లూ ఆ నాలుగు గోడల మధ్య తేలుతుంది, ఒక గోడకు కొట్టుకొని ఇంకో గోడ దాకా పోతుంది. ముసలాయన మేడ మెట్ల మీద కూర్చొని చూస్తుంటాడు. పొద్దున నీళ్లు తగ్గిపోతాయి. పడవ మళ్లీ అదే చోట కూర్చుంటుంది, హంస ముఖం మాత్రం ఇంటి వైపు తిరిగి ఉంటుంది. అక్కడితో నవల అయిపోతుంది.

పడవ నీళ్లలో పడిందా, పడలేదా అంటే ఏం చెప్పాలో నాకు తెలియదు. అక్క ఏదో ఒకటి తేల్చి చెప్పేది. "పడ్డట్టే" అనేదో, "ఇదేం పడుడు?" అని తిట్టేదో. ఎన్నోసార్లు ఆమె గొంతుతో అనుకొని చూశాను. ఏదీ ఆమె అన్న మాటలా లేదు, నేను కల్పించినట్టే ఉంది. అన్నేళ్లు పక్కన కూర్చున్నా, ఒక కథ విని ఆమె ఏమంటుందో ముందుగా చెప్పడం నాకు ఏనాడూ చేతకాలేదు. అందుకే ఆమెకు చదివి వినిపించడం బాగుండేది.

పిల్లలకు తెలుగు చదవడం రాదు. నేను ఇప్పుడు పెదవులు కదపకుండా చదువుకుంటాను. మా ఇంట్లో ఎవరూ ఎవరికీ పుస్తకం చదివి వినిపించడం లేదు.